మద్రాసులో దొరికిన నల్లని గ్రహశకలం: సిల్వియాను వెతికి, కొలిచే విధానం

అంగారకుడికీ గురువుకీ నడుమనున్న గ్రహశకలాల పట్టీలో సూర్యుడి నుంచి దూరం జరిగేకొద్దీ నల్లటి శకలాల పాలు పెరుగుతూ పోతుంది. ఆ పట్టీ వెలుపలి అంచున తిరిగే పెద్ద శకలాలలో 87వ సంఖ్య గల సిల్వియా ఒకటి. తన మీద పడిన సూర్యకాంతిలో నూటికి సుమారు నాలుగు పాళ్ళు మాత్రమే అది వెనక్కి పంపుతుంది. సింగరేణి బొగ్గు పెళ్లను ఎండలో పెట్టి చూస్తే ఎంత నల్లగా ఉంటుందో ఇదీ దాదాపు అంతే నలుపు. దీనిని 1866 మే 16న మద్రాసు వేధశాల నుంచి నార్మన్ రాబర్ట్ పోగ్సన్ కనుగొన్నారు. నేడు చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో మిగిలి ఉన్న ఆ వేధశాల రాతి స్తంభం మీద, 1792 నాటి స్థాపనను తెలిపే శాసనం తమిళంతో పాటు తెలుగులోనూ చెక్కి ఉంది. గ్రహశకలాల మీద ఆసక్తి ఉన్న తెలుగువారు తమ పరిశీలనను సిల్వియాతో మొదలుపెట్టడం సముచితమని నేను భావించడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం మరింత బలమైనది. ఎంత మంచి టెలిస్కోపులో చూసినా మనకు సిల్వియా ఒక చుక్కగానే కనిపిస్తుంది. కానీ ఆ చుక్క వెలుగును ఓపికగా కొలిస్తే, అది ఎంత సేపటికొకసారి తనచుట్టూ తాను తిరుగుతుందో, గుండ్రంగా ఉందో కోలగా ఉందో, ఎంత పెద్దదో, చివరికి దాని పదార్థం ఎంత తేలికైనదో వరుసగా తేల్చుకుంటూ పోవచ్చు. ఇందులో మొదటి సగం పని ఇంటి డాబా మీద నుంచి చేయగలిగినదే. మిగతా సగానికి ప్రచురితమైన కొన్ని కొలతలను అరువు తెచ్చుకుని కాగితం మీద లెక్క వేస్తే సరిపోతుంది.

ఎప్పుడు చూడాలి

సిల్వియా సూర్యుడి నుంచి సగటున 3.48 ఖగోళ ప్రమాణాల (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒక ప్రమాణం) దూరంలో, అంటే సుమారు 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో, ఆరున్నర ఏళ్ళకొక చుట్టు చొప్పున తిరుగుతుంది. భూమి దానికన్నా వేగంగా తిరుగుతూ సుమారు 14 నెలలకొకసారి దానిని దాటిపోతుంది. ఆ సమయంలో ఆకాశంలో సూర్యుడు ఒక వైపు, సిల్వియా సరిగ్గా ఎదుటి వైపు ఉంటాయి. దీనినే అపోజిషన్ అంటారు. అప్పుడది సాయంత్రం తూర్పున ఉదయించి, నడిరాత్రి నడినెత్తికి దగ్గరగా వచ్చి, తెల్లవారుజామున పడమట అస్తమిస్తుంది. మనకు అతి దగ్గరగా, అతి ప్రకాశంగా ఉండేది కూడా అప్పుడే. దూరాన్ని బట్టి దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం; సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది) ఒక అపోజిషన్‌లో 11కు దగ్గరగానూ, మరొక దానిలో 12కు కొంచెం అవతలగానూ ఉంటుంది.

అపోజిషన్ ప్రతిసారీ సుమారు రెండు నెలలు ముందుకు జరుగుతుంది కాబట్టి అన్ని ఋతువులూ వరుసగా వస్తాయి. మన ప్రాంతానికి అన్నీ ఒకేలా అనుకూలించవు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వచ్చే అపోజిషన్లు నైరుతి మేఘాలకు బలి అవుతాయి. పైగా జూన్, జూలైలలో అపోజిషన్ దిశ పాలపుంత నడిభాగం మీద పడుతుంది గనుక, మబ్బు విడిచిన రాత్రుల్లో కూడా దట్టమైన నక్షత్రాల గుంపులో ఈ చుక్కను విడదీయడం కష్టం. అక్టోబరు, నవంబరులలో కోస్తా జిల్లాలకు వాయుగుండాల బెడద ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సింహ, కన్యా రాశుల వైపు జరిగే అపోజిషన్లే అన్నింటిలోకీ మేలైనవి: ఆకాశం పొడిగా ఉంటుంది, వెనుక నక్షత్రాలు పలచగా ఉంటాయి, శకలం మన తలమీదికి వస్తుంది. తెలంగాణ, రాయలసీమ పీఠభూముల మీద ఉన్నవారికి ఈ నెలలు నిజమైన వరం.

స్థానం తెలుసుకోవడం

కచ్చితమైన స్థానం కోసం నాసా వారి జేపీఎల్ హొరైజన్స్ గానీ, గ్రహశకలాల వివరాలు సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్ వారి గణన సేవ గానీ వాడాలి. రెండూ ఉచితమే. శకలం సంఖ్య 87 అని ఇచ్చి, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు నింపి, గంటకొక వరుస చొప్పున పట్టిక అడగండి. వచ్చిన పట్టికలో విషువాంశ, క్రాంతి (ఆకాశంలో రేఖాంశ, అక్షాంశాల వంటివి), అంచనా మాగ్నిట్యూడ్, సూర్యుడి నుంచి దూరం, భూమి నుంచి దూరం, ఫేజ్ కోణం (శకలం నుంచి చూస్తే సూర్యుడికీ భూమికీ మధ్య కోణం) అనే ఆరు నిలువు వరుసలను తప్పనిసరిగా దాచుకోవాలి. మొదటి రెండూ వెతకడానికి, చివరి మూడూ తరువాతి లెక్కలకు కావాలి. పట్టికలోని కాలం విశ్వ ప్రామాణిక కాలంలో ఉంటుంది. భారత కాలానికి ఐదున్నర గంటలు కలపాలి. నడిరాత్రి దగ్గర తేదీ కూడా మారుతుంది కాబట్టి, రాత్రంతా చేసే పనికి మొదటి నుంచి విశ్వ కాలమే వాడటం మేలు.

పటం గీయడానికి స్టెల్లారియం అనే ఆకాశపటం ప్రోగ్రాం చాలు. అయితే అందులో గ్రహశకలాల కక్ష్యా వివరాలు పాతబడి ఉంటే చుక్క చూపించే చోటుకీ అసలు చోటుకీ తేడా వస్తుంది. సౌరకుటుంబ ఎడిటర్ అనే ప్లగిన్ ద్వారా సిల్వియా కక్ష్యా వివరాలను కొత్తగా దిగుమతి చేసుకుని, హొరైజన్స్ ఇచ్చిన స్థానంతో ఒకసారి సరిపోల్చిన తరువాతే పటాన్ని అచ్చు తీయండి. పటంలో కనీసం 13వ మాగ్నిట్యూడ్ వరకు నక్షత్రాలు ఉండాలి, లేకుంటే కంటికి కనిపించి పటంలో లేని ప్రతి చుక్కా సిల్వియాగానే తోస్తుంది.

కంటితో గుర్తించడం

పోగ్సన్ కాలంలో ఫోటోతో శకలాలను పట్టే పద్ధతి లేదు. ఫోటో పలక మీద తొలి గ్రహశకలాన్ని మాక్స్ వోల్ఫ్ 1891లో గానీ పట్టలేదు. అంతకు ముందువారంతా నక్షత్ర పటాన్నీ ఆకాశాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, పటంలో లేని చుక్కను మరుసటి రాత్రి మళ్ళీ చూసి, కదిలిందో లేదో పరీక్షించేవారు. అదే పద్ధతిని నేటికీ ఒకసారి స్వయంగా చేసి చూడాలని నేను గట్టిగా చెబుతాను. కెమెరా ఉన్నవారు కూడా ఈ మెట్టును దాటవేయవద్దు. ఆకాశంలో ఆ చుక్క చోటు చేతికి అలవాటైతే తరువాతి పని సులువవుతుంది.

ఇందుకు ఊరి దీపాలకు దూరంగా ఎనిమిది అంగుళాల టెలిస్కోపు కావాలి. ఆరు అంగుళాలతో అనుకూలమైన అపోజిషన్‌లో చూడవచ్చు గానీ కంటికి శ్రమ. దగ్గరలోని ప్రకాశమైన నక్షత్రంతో మొదలుపెట్టి, పటంలోని త్రిభుజాలను, వరుసలను పట్టుకుంటూ ఒక్కొక్క నక్షత్రం దాటుకుంటూ సిల్వియా ఉండవలసిన చోటికి చేరండి. అక్కడ సుమారు నూరు రెట్ల పెద్దదనం ఇచ్చే కటకం పెట్టి, దృశ్యంలో కనిపించిన ప్రతి చుక్కనూ తెల్ల కాగితం మీద గుర్తించండి. ఏది సిల్వియా అని ముందే నిర్ణయించుకోకూడదు. అపోజిషన్ దగ్గర అది నక్షత్రాల మధ్య గంటకు సుమారు 28 వికలల (డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికల) చొప్పున వక్రగతిలో, అంటే తూర్పు నుంచి పడమరకు జరుగుతుంది. రెండు గంటల తరువాత అదే దృశ్యాన్ని మళ్ళీ గీస్తే ఒక చుక్క మిగతావాటితో పొంతన తప్పి ఉంటుంది. మరుసటి రాత్రికి అది సుమారు 11 కళలు జరిగి ఉంటుంది, అంటే చంద్రబింబం వెడల్పులో మూడో వంతుకు పైగా. ఇక సందేహానికి తావుండదు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి నగరాల నుంచి కంటితో 12వ మాగ్నిట్యూడ్ చుక్కను పట్టడం దాదాపు అసాధ్యం. అక్కడివారు నేరుగా కెమెరాకు వెళ్ళాలి.

వెలుగును కొలవడం

ఈ పనిలో అసలు సంపద ఇక్కడే ఉంది. సిల్వియా తనచుట్టూ తాను 5 గంటల 11 నిమిషాలకొకసారి తిరుగుతుంది. అపోజిషన్ రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి తెల్లవారుజాము మూడు గంటల వరకు ఆపకుండా చిత్రాలు తీస్తే, ఆ శకలం అన్ని వైపులా మీ ఎదుట తిరిగిపోతుంది. అంత సేపూ అది ఆకాశంలో బాగా ఎత్తునే ఉంటుంది. ఇన్ని కోట్ల కిలోమీటర్ల దూరంలోని ఒక లోకపు పూర్తి దినాన్ని ఒకే రాత్రిలో చూడగలగడం, చీకటి శకలాలన్నింటిలోనూ సిల్వియాను నేను ముందుగా సూచించడానికి ముఖ్య హేతువు. మెటిల్డా అనే మరో నల్లని శకలానికి ఒక్క చుట్టుకే 17 రోజులకు పైగా పడుతుంది.

ఆకాశపు కదలికను అనుసరించే స్టాండు మీద నాలుగు అంగుళాలు గానీ అంతకు మించి గానీ ఉన్న టెలిస్కోపు, దానికొక మోనోక్రోమ్ కెమెరా ఉంటే చాలు. డీఎస్ఎల్ఆర్ ఉన్నవారు రంగుల చిత్రంలోని ఆకుపచ్చ భాగాన్ని మాత్రమే వాడాలి. 60 సెకన్ల చిత్రంలో సిల్వియా అర వికల కూడా కదలదు కాబట్టి గీతలా సాగుతుందన్న భయం లేదు. ఈ మధ్య విరివిగా వస్తున్న చిన్న స్మార్ట్ టెలిస్కోపులతోనూ ఈ పని చేయవచ్చు. అయితే అవి చిత్రాలన్నింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే అందమైన చిత్రంగా ఇస్తాయి. మనకు కావలసింది ఆ పేర్చిన చిత్రం కాదు, విడివిడి చిత్రాలు. సెట్టింగులలో ఒక్కొక్క చిత్రాన్నీ ఫిట్స్ (ఖగోళ చిత్రాలకు వాడే ఫైలు) రూపంలో భద్రపరచే వీలును ముందే తెరిచి ఉంచండి.

రాత్రి మొదలుకాక ముందు పరికరాల గడియారాన్ని ఇంటర్నెట్ కాలంతో సరిచేయాలి. సాయంత్రపు సంధ్యాకాశం మీద ఫ్లాట్ చిత్రాలు (దృశ్యమంతటా వెలుగు సమంగా పడని లోపాన్ని సరిచేసేవి) తీసుకోవాలి. డార్క్ చిత్రాల (టెలిస్కోపు మూతి మూసి తీసేవి, కెమెరా సొంత రొదను తీసివేయడానికి) విషయంలో మన వాతావరణానికి ఒక జాగ్రత్త అవసరం: చల్లబరచే ఏర్పాటు లేని కెమెరా, మార్చి రాత్రి పదింటికి ఉన్న వేడికీ మూడింటికి ఉన్న వేడికీ వేర్వేరుగా స్పందిస్తుంది గనుక, రాత్రి మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి, చివర ఒకసారి డార్క్ చిత్రాలు తీయడం మంచిది. జర్మన్ తరహా స్టాండు అయితే శకలం నడినెత్తి దాటేటప్పుడు టెలిస్కోపును రెండో వైపుకు తిప్పవలసి వస్తుంది. ఆ తరువాత అవే పోలిక నక్షత్రాలు మళ్ళీ దృశ్యంలోకి వచ్చాయో లేదో చూసుకోవాలి.

కొలత అంతా పోలిక మీద ఆధారపడి ఉంటుంది. ఒకే చిత్రంలో సిల్వియాతో పాటు కనీసం నాలుగైదు నక్షత్రాలను ఎంచుకుని, వాటి మాగ్నిట్యూడ్లను అపాస్ వంటి జాబితాల నుంచి తీసుకుని, వాటితో సిల్వియా వెలుగును సరిపోల్చాలి. శకలం వెలుగు సూర్యుడి వెలుగే కాబట్టి సూర్యుడి రంగుకు దగ్గరగా ఉన్న నక్షత్రాలనే ఎంచుకోవాలి. మరీ ఎర్రనివి, మరీ నీలివి వాడితే, రాత్రి గడిచి గాలి పొర మందం మారేకొద్దీ కొలత పక్కకు జారుతుంది. ఆస్ట్రోఇమేజ్‌జె గానీ టైకో ట్రాకర్ గానీ ఈ పనిని చాలావరకు తానే చేసిపెడుతుంది. వచ్చిన పొరపాటు 0.03 మాగ్నిట్యూడ్ లోపు ఉంటే మీ రాత్రి సార్థకమైనట్టే.

కాలాన్ని అడ్డంగా, మాగ్నిట్యూడ్‌ను నిలువుగా పెట్టి గీసిన రేఖలో రెండు గుట్టలు, రెండు లోయలు కనిపిస్తాయి. కోలగా ఉన్న వస్తువు ఒక్క చుట్టులో తన వెడల్పాటి పక్కను రెండు సార్లు, సన్నని కొనను రెండు సార్లు మనకు చూపుతుంది. కొత్తవారు గుట్టకూ గుట్టకూ మధ్య ఉన్న 2 గంటల 35 నిమిషాలనే భ్రమణ కాలం అనుకునే ప్రమాదముంది. రెండు గుట్టల ఎత్తులో, రెండు లోయల లోతులో ఉండే స్వల్ప భేదాన్ని గమనిస్తే అసలు కాలం దానికి రెట్టింపని తెలుస్తుంది. లోయకూ గుట్టకూ ఎత్తు తేడా ఏటేటా మారుతుంది, ఎందుకంటే శకలపు అక్షాన్ని మనం ఒక్కొక్క అపోజిషన్‌లో ఒక్కొక్క కోణం నుంచి చూస్తాం.

ఆ తేడా 0.4 మాగ్నిట్యూడ్ వచ్చిందనుకుందాం. ఒక మాగ్నిట్యూడ్ తేడా అంటే వెలుగులో 2.512 రెట్ల తేడా. ఐదు మాగ్నిట్యూడ్లు సరిగ్గా నూరు రెట్లు. ఈ కొలమానాన్ని 1856లో ప్రతిపాదించినది, మద్రాసుకు రాకముందు ఇంగ్లండులో పనిచేస్తున్న ఆ పోగ్సన్ గారే. 2.512ను 0.4వ ఘాతానికి హెచ్చిస్తే సుమారు 1.45 వస్తుంది. అంటే సిల్వియా పొడవు దాని వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లకు దగ్గరగా ఉందన్నమాట. పెద్ద టెలిస్కోపులతో పరిశీలించి 2021లో ప్రచురించిన ఆకృతిలో ఈ శకలం కొలతలు సుమారు 363, 249, 191 కిలోమీటర్లు. మొదటి రెండింటి నిష్పత్తి 1.46.

పరిమాణం, నలుపు, సాంద్రత

ఇప్పుడు కాగితం తీయండి. ఒక చుట్టు మొత్తం మీద మీ కొలతల సగటు 11.84 వచ్చిందనీ, ఆ రాత్రి సిల్వియా సూర్యుడి నుంచి 3.48, భూమి నుంచి 2.50 ఖగోళ ప్రమాణాల దూరంలో ఉందనీ, ఫేజ్ కోణం రెండు డిగ్రీలనీ అనుకుందాం. రెండు దూరాల లబ్ధం 8.70, దాని సంవర్గమానాన్ని ఐదుతో హెచ్చిస్తే 4.70. దీనిని 11.84 నుంచి తీసివేయాలి. ఫేజ్ కోణం సున్నా కానందువల్ల తగ్గిన వెలుగుకు సుమారు 0.2 కూడా తీసివేస్తే 6.94 మిగులుతుంది. ఇదే సిల్వియా నిరపేక్ష మాగ్నిట్యూడ్, అంటే సూర్యుడి నుంచీ భూమి నుంచీ ఒక్కొక్క ఖగోళ ప్రమాణం దూరంలో, ఫేజ్ కోణం సున్నాగా ఉంటే ఉండే మాగ్నిట్యూడ్.

ఇంతవరకు వచ్చినా పరిమాణం తెలియదు. చిన్నదై మెరిసే శకలమూ, పెద్దదై నల్లగా ఉన్న శకలమూ ఒకే వెలుగు ఇవ్వగలవు. వ్యాసం కిలోమీటర్లలో రావాలంటే 1329ని ఆల్బెడో (పడిన వెలుగులో వెనక్కి పంపే పాలు) వర్గమూలంతో భాగించి, నిరపేక్ష మాగ్నిట్యూడ్‌లో ఐదో వంతును ఋణ ఘాతంగా 10 మీద వేసినప్పుడు వచ్చే సంఖ్యతో హెచ్చించాలి. 6.94లో ఐదో వంతు 1.388, దానికి వచ్చే సంఖ్య 0.0409. రాతి శకలాలకు సాధారణమైన 0.20 ఆల్బెడో వేసి చూడండి, వ్యాసం సుమారు 122 కిలోమీటర్లు వస్తుంది. సిల్వియాకు తగిన 0.04 వేయండి, 272 కిలోమీటర్లు వస్తుంది. రెండు జవాబులకూ ఘనపరిమాణంలో పదకొండు రెట్ల తేడా ఉంది! చీకటి శకలాల విషయంలో ఆల్బెడోను ఊహతో వేయకూడదని ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

ఆ 0.04 అనే సంఖ్య వేడి నుంచి వచ్చింది. నల్లని నేల ఎండను ఎక్కువగా పీల్చుకుని, పరారుణ కిరణాల రూపంలో తిరిగి వదులుతుంది. కంటికి కనిపించే వెలుగునూ ఆ పరారుణ వెలుగునూ కలిపి చూస్తే పరిమాణమూ నలుపూ రెండూ విడివడతాయి. 1983లో పరారుణ కిరణాలను కొలిచిన ఐరాస్ ఉపగ్రహం చేసినది ఇదే. ఔత్సాహికులకు అందుబాటులో ఉన్న దారి వేరొకటి ఉంది: సిల్వియా ఏదైనా నక్షత్రాన్ని కప్పివేసినప్పుడు ఆ నక్షత్రం ఎన్ని సెకన్లు మాయమైందో వేర్వేరు ఊళ్ళ నుంచి కొలవడం. 2013 జనవరి 6న ఐరోపాలో అనేకమంది పరిశీలకులు కలిసి సిల్వియా నీడను ఇలాగే కొలిచారు. ఆకల్ట్ వాచర్ అనే ప్రోగ్రాం మీ ఊరి మీదుగా పోయే నీడలను ముందే చెబుతుంది.

సాంద్రతకు సిల్వియా ఉపగ్రహాలు తోడ్పడతాయి. 2001లో కనుగొన్న రోములస్, 2004లో కనుగొన్న రీమస్ అనే రెండు చిన్న చందమామలు దీని చుట్టూ తిరుగుతున్నాయి. రెండు ఉపగ్రహాలున్నట్లు తేలిన తొలి గ్రహశకలం ఇదే. అవి మన టెలిస్కోపులకు అందవు. రోములస్ అత్యధికంగా ముప్పావు వికల దూరమే జరుగుతుంది, పైగా సిల్వియా వెలుగులో మునిగిపోతుంది. కానీ అది సుమారు 1,360 కిలోమీటర్ల దూరంలో 3.65 రోజులకొక చుట్టు తిరుగుతుందన్న ప్రచురిత కొలతలను, కక్ష్య దూరాన్నీ కాలాన్నీ ద్రవ్యరాశితో కలిపే కెప్లర్ మూడో నియమంలో వేస్తే, సిల్వియా ద్రవ్యరాశి సుమారు 1.5 × 10¹⁹ కిలోగ్రాములు వస్తుంది. మీరు కట్టిన 272 కిలోమీటర్ల వ్యాసానికి ఘనపరిమాణం లెక్కించి భాగించండి. సాంద్రత నీటికి సుమారు 1.4 రెట్లు. మామూలు రాయి సాంద్రతలో ఇది సగమే. అంటే లోపల ఖాళీలైనా ఉండాలి, మంచు వంటి తేలిక పదార్థమైనా ఉండాలి, రెండూ ఉన్నా ఆశ్చర్యం లేదు. కర్బన సమ్మేళనాలతో కప్పబడిన ఇటువంటి శకలాల ఉపరితలం, సౌరకుటుంబం ఏర్పడిన కాలపు పదార్థాన్ని పెద్దగా కరగనివ్వకుండా నిలిపి ఉంచినది గనుకనే వీటిని ఆదిమ శకలాలంటారు. అయితే ఉపగ్రహాల కక్ష్యలను నిశితంగా పరిశీలించిన 2021 నాటి పరిశోధన, సిల్వియా లోపలి భాగం పై పొరకన్నా సాంద్రంగా ఉండవచ్చని సూచించింది. పైన ఆదిమంగా కనిపించేది లోపల కూడా అలాగే ఉండనక్కరలేదు.

కొలతలను పంపడం

మీ స్థాన కొలతలను మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపాలంటే ముందు అక్కడి నుంచి వేధశాల సంకేతం పొందాలి. కాంతి కొలతలకు ఏఎల్‌సీడీఈఎఫ్ అనే ఉమ్మడి భాండాగారం ఉంది. కొలిచిన ప్రతి విలువతో పాటు చిత్రపు మధ్య క్షణం, వాడిన ఫిల్టరు, పోలిక నక్షత్రాలు, పొరపాటు అంచనా ఉండాలి. రెండు మూడు రాత్రుల కొలతలను ఒకే రేఖ మీదికి చేర్చేటప్పుడు కాంతి ప్రయాణ కాలాన్ని సవరించడం మరువకూడదు: 2.50 ఖగోళ ప్రమాణాల దూరం నుంచి సిల్వియా వెలుగు మన దగ్గరకు రావడానికి సుమారు 21 నిమిషాలు పడుతుంది, దూరం మారేకొద్దీ ఆ కాలమూ మారుతుంది. సవరించిన కాలం పంపుతున్నారో, సవరించని కాలం పంపుతున్నారో పత్రం మొదట్లోనే స్పష్టంగా రాయండి. రెండుసార్లు సవరించిన కొలత అసలు సవరించని కొలతకన్నా ఎక్కువ చిక్కు తెస్తుంది.